కీమో లేకుండ లింఫోమా కుదురునా?



పల్లెటూళ్లలో రోగి మొదట వైద్యుని యడుగడు. ఊరిలో నలుగురు గౌరవించు పెద్దను అడుగును. "అయ్యా, పట్నము పొమ్మందురా? కోత పెట్టించుకొమ్మందురా? ఈ మందు వాడుమందురా, మానుమందురా?" అని వాడు మన అరుగుమీద కూర్చుండి యడిగినప్పుడు, మన నోట వచ్చు ఒక్క మాటతో వాని ప్రాణము ముడిపడి యుండును. నే నొకప్పుడు అట్టి మాటను తొందరపడి పలుకబోయి ఆగితిని. ఆ సంగతియే నేటి నా ప్రసంగమునకు మూలము.

2019వ సంవత్సరమున నా పూర్వశిష్యుడొకడు, పత్తి పండించుకొని బ్రతుకు రైతు, మెడలో మూడు గడ్డలతో నాయొద్దకు వచ్చెను. గడ్డలకు నొప్పి లేదు. కాని సాయంకాలమున జ్వరము, రాత్రి పక్క తడియునంత చెమట. మూడు నెలలలో మనిషి సగమైపోయెను. ఊరివారు గండమాల యనిరి. మన దేశమున మెడ గడ్డలకు క్షయయే తఱచు కారణము గనుక ఆ యనుమానము తప్పు కాదు. అయితే హనుమకొండలో ఒక వైద్యుడు గడ్డను తీయించి పరీక్షకు పంపి, ఇది క్షయ కాదు, లింఫోమా యను క్యాన్సరు అని తేల్చెను. కత్తి తగిలిన గడ్డ ముదురునని మనవారు భయపడుదురు. ఆ భయము నిరాధారము. గడ్డను తీసి సూక్ష్మదర్శినిలో చూడకుండ ఇది క్షయయో క్యాన్సరో, క్యాన్సరైనచో ఏ రకమో తేల్చుట సాధ్యము కాదు.

హైదరాబాదులో చికిత్స మొదలయ్యెను. రెండు విడతలు కాగానే వెండ్రుకలు రాలెను, నోరు పూసెను, అన్నము సహింపలేదు. మూడవ విడతకు పోవలసిన దినమున వాడు పత్రికలోని ఒక తునుక చేతబట్టుకొని నా యరుగెక్కెను. "పంతులుగారూ, కీమో లేకుండనే ఈ రోగమును కుదుర్చు మందులు వచ్చినవట. ఇక ఈ విషమెందుకు? మానివేసెదను" అనెను. వాని ముఖము చూచి, "నిజమే, మానుము" అను మాట నా నాలుక చివరిదాక వచ్చినది. కాని నేను చదివినది వ్యాకరణము; వైద్యము కాదు. తెలియనిదానిని తెలియదనుట పండితులకు నేర్పు మొదటి పాఠము. ఆ దినముననే వానితో కూడ బస్సెక్కి వైద్యునియొద్దకు పోతిని. ఆయన చెప్పినదానిని, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నదానిని మీకు విన్నవించెదను.

మొదట ఈ రోగమేమో చూతము. మన శరీరమున నెత్తురు పాఱు నాళములు గాక మఱొక కాలువల యల్లిక కలదు. అందు పలుచని ద్రవమొకటి పాఱుచుండును. దానిని లింఫు అనియు, తెలుగున శోషరసమనియు అందురు. చెఱువు క్రింది కాలువలపై అచ్చటచ్చట తూములున్నట్లు, ఈ నాళములపై మెడలో, చంకలలో, గజ్జలలో చిక్కుడుగింజలవంటి గ్రంథులుండును. రోగక్రిములను పట్టి చంపు తెల్లకణములు ఆ గ్రంథులలో కాపలా కాయుచుండును. ఆ కాపలావారిలో ఒక కణము బుద్ధి చెడి, చావవలసినప్పుడు చావక, ఆగవలసినచోట ఆగక, తనవంటివానిని లెక్కకు మిక్కిలిగ పుట్టించుటయే లింఫోమా. కంచెయే చేను మేసినట్లన్నమాట.

ఇది ఒక్క రోగము కాదు. అఱువదికి మించిన రకములున్నవి. అయినను వానిని రెండు కుదుళ్లుగా తలచిన మనకు చాలును. వేగముగ పెరుగునవి కొన్ని. ఇవి చికిత్స లేనిచో నెలలలో ప్రాణము తీయును. చిత్రమేమనగా, సరియైన చికిత్సతో సమూలముగ పోవు అవకాశమును వీనికే యెక్కువ. మెల్లగ పెరుగునవి కొన్ని. ఇవి ఏండ్ల తరబడి సాగును. మందునకు అణగును, కొంతకాలమునకు మరల తలయెత్తును. ఫాలిక్యులర్ లింఫోమా యనునది ఈ జాతిదే. రోగికి బాధ లేనప్పుడు ఏ మందునీయక, గడువు తప్పక పరీక్షించుచు కనిపెట్టియుండుటయే ఇందు కొందఱికి సరియైన మార్గము. నా శిష్యునిది మొదటి జాతి.

ఇక కీమో యననేమి? రసాయన చికిత్స అను మాటకు అది పొట్టిపేరు. దాని చరిత్ర ఈ రోగముతోనే ఆరంభమైనది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులపై మస్టర్డ్ గ్యాస్ అను విషవాయువును ప్రయోగించిరి. అది సోకినవారి నెత్తురులో తెల్లకణములు తగ్గిపోవుట వైద్యులు గమనించిరి. ఆ వాయువునకు దగ్గఱి చుట్టమైన యొక రసాయనమును 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున లింఫోమా రోగి కెక్కించిరి. గడ్డలు కరిగినవి, కొలదికాలమునకు మరల వచ్చినవి. అయినను రసాయనముతో క్యాన్సరు గడ్డను కరగింపవచ్చునని లోకమునకు తెలిసినది. అటుపిమ్మట భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు పుట్టినవి. వీనిలో మెథోట్రెక్సేట్‌ను కొన్ని లింఫోమాలకు నేటికిని వాడుచున్నారు. మన పెరడులలో పూయు బిళ్ళగన్నేరు మొక్కనుండి విన్‌క్రిస్టిన్ అను మందు వచ్చినది. దానిని మఱి మూడు మందులతో చేర్చి, చాప్ అను పేర వేగవంతమైన లింఫోమాలకు 1970 దశకమునుండి ఇచ్చుచున్నారు. ఇది విని ఆకులు కాచి త్రాగబోకుడు. బుట్టలకొలది ఆకులలో రవంత మాత్రమే యుండు ఆ మందును శుద్ధిచేసి, తూకము తప్పక నరములోనికి ఎక్కింతురు. కషాయము వలన ప్రమాదమే గాని ప్రయోజనము లేదు.

కీమో మందు పనిచేయు తీరు గడ్డిమందువంటిది. గడ్డిమందు చల్లిన కలుపు చచ్చును, ప్రక్కనున్న పైరును వాడును. కీమో కూడ వేగముగ పెరుగు కణములనెల్ల కొట్టును. వెండ్రుకల మూలములు, నోటి పొర, ప్రేగుల పొర, నెత్తురు పుట్టు మూలుగ, ఇవన్నియు వేగముగ పెరుగునవే. కావుననే జుట్టు రాలుట, నోరు పూయుట, నెత్తురు తగ్గుట. మందు ఆగిన పిమ్మట ఇవి చాలవఱకు మరల కోలుకొనును. క్యాన్సరు కణములకు ఆ శక్తి తక్కువ. ఈ తేడాయే రోగిని బ్రతికించును.

కలుపు నొక్కదానినే గుర్తుపట్టు మందుండిన నెంత బాగు అని వైద్యులు చిరకాలము వెదకిరి. అట్టి మొదటి మందు రిటుక్సిమాబ్. దీనిని 1997లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. లింఫోమాలలో అధికభాగము బి-కణములవలన పుట్టును. ఆ కణముల పైపొరమీద ఒక గుర్తు కలదు. రిటుక్సిమాబ్ ఆ గుర్తును పట్టుకొని, దొంగకు ముద్రవేసి చూపినట్లు, శరీరములోని రక్షకకణములకు వానిని చూపును. 60 ఏండ్లు దాటిన 399 మంది రోగులపై ఫ్రాన్సు మున్నగు దేశములలో జరిగి 2002లో ప్రకటింపబడిన పరీక్షలో, చాప్ మాత్రమే పొందినవారిలో నూటికి 63 మందికి గడ్డలు పూర్తిగా కరగగా, దానితో రిటుక్సిమాబ్‌ను చేర్చినప్పుడు నూటికి 76 మందికి కరగెను. 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఈ మందును తానే తయారుచేసి రెడిటక్స్ అను పేర తక్కువ ధరకు విడుదల చేసెను. నా శిష్యునికి ఎక్కించినవి ఈ అయిదు మందులే: చాప్‌లోని నాలుగు, రిటుక్సిమాబ్ ఒకటి.

అటుపిమ్మట పుట్టిన ప్రశ్నయే నేటి మన విషయము. కొత్త మందులనే జోడించి, కీమోను పూర్తిగా తీసివేయవచ్చునా? అట్టి మందులు మఱికొన్ని వచ్చినవి. ఇబ్రూటినిబ్ అను మాత్ర, "పెరుగుము" అని క్యాన్సరు కణము లోపల సాగు ఆజ్ఞను త్రెంచును. వెనెటోక్లాక్స్ అను మాత్ర, చావవలసిన కణమును చావనీయక కాపాడు పదార్థమును అడ్డగించును. లెనాలిడొమైడ్ అను మాత్ర, నిద్రించుచున్న రక్షకకణములను లేపును. వీనిని ఒక్కొక్కటిగా ఇచ్చిన తఱచు చాలదు. చెఱువుకట్టకు ఒక గండి పూడ్చిన నీరు మఱొక గండి వెదకును గదా. క్యాన్సరు కణమును అట్లే ఒక దారి మూసిన మఱొక దారి త్రవ్వుకొనును. కావున రెండు మూడు దారులను ఒక్కసారి మూయుటకు మందులను కలిపి యిత్తురు.

కలిపిన మందులు నిజముగ పనిచేయునని తెలియుట యెట్లు? ఇందు మన రైతులకు తెలిసిన న్యాయమే కలదు. కొత్త పత్తివిత్తనము వచ్చినదనుకొందము. దానిని నల్లరేగడిలో వేసి, పాత విత్తనమును చౌడునేలలో వేసి, కొత్తదే మేలనిన ఎవరు నమ్ముదురు? ఒకే చేనిని రెండు మడులుగ చేసి, ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి, ఏ మడిలో ఏ విత్తనమో చీట్లు వేసి నిర్ణయింపవలెను. అప్పుడు వచ్చిన దిగుబడి విత్తనముయొక్క గుణము. ప్రక్కయూరి వానికి పండినదను మాట ఋజువు కాదు. ఆ యేడు వానలే బాగుగ పడియుండవచ్చును. మందుల పరీక్షయు నిట్టిదే. దీనినే క్లినికల్ ట్రయల్ అందురు. మొదట కొలదిమందిపై మోతాదును, అపాయమును చూతురు. పిదప మఱికొందఱిపై గుణమును చూతురు. తుదకు వందలకొలది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టునకు పాత చికిత్సను, ఒక జట్టునకు కొత్త చికిత్సను ఇచ్చి, ఏండ్ల తరబడి లెక్క వ్రాయుదురు.

అట్టి పెద్ద పరీక్ష ఫలితము 2018లో వెలువడినది. ఇది మెల్లగ పెరుగు ఫాలిక్యులర్ లింఫోమాపై జరిగినది. అంతకుముందు చికిత్స పొందని 1,030 మందిలో ఒక సగమునకు కీమోతో రిటుక్సిమాబ్‌ను, మఱొక సగమునకు కీమో లేకుండ లెనాలిడొమైడ్, రిటుక్సిమాబ్ జోడీని ఇచ్చిరి. 120 వారములకు చూడగా, గడ్డలు పూర్తిగా కరగినవారు కీమో జట్టులో నూటికి 53 మంది, కొత్త జోడీలో 48 మంది. మూడేండ్లకు రోగము ముదురక నిలిచినవారు కీమో జట్టులో నూటికి 78, కొత్త జోడీలో 77. కొత్తది గెలుచునని తలచి పరీక్ష పెట్టిరి. అది గెలువలేదు, దాదాపు సమముగ నిలిచినది. బాధల రీతి మాత్రము వేఱయ్యెను. తెల్లకణములు ప్రమాదకరముగ పడిపోవుట కీమో జట్టులో నూటికి 50 మందికి, కొత్త జోడీలో 32 మందికి. ఒంటిపై తీవ్రమైన దద్దురులు కీమో జట్టులో నూటికి ఒక్కరికి, కొత్త జోడీలో ఏడుగురికి. కీమో లేని మందనిన బాధలేని మందని యర్థము కాదు. లెనాలిడొమైడ్ యే వంశమునుండి వచ్చినదో వినుడు. థాలిడొమైడ్ అను మందును 1957లో జర్మనీలో అమ్ముట మొదలిడిరి. గర్భిణులు దానిని వాడగా కాలుసేతులు లేని శిశువులు వేలకొలది పుట్టిరి. 1961లో దానిని అంగళ్లనుండి తొలగించిరి. ఆ మందునకు వారసురాలే లెనాలిడొమైడ్. కావున గర్భిణులు దానిని తాకనైన తాకరాదు.

నా శిష్యుడు తెచ్చిన పత్రికతునుకలోని మాట ఈ జోడీని గూర్చియే. 2019లో అమెరికా దీనిని అనుమతించెను; అదియు, ఫాలిక్యులర్ మున్నగు మెల్లని లింఫోమాలు ఒకసారి చికిత్స పొందిన పిమ్మట తిరుగబెట్టినవారికి. వానిది వేగముగ పెరుగు రోగము. తిరుగబెట్టినది కాదు, మొదటి చికిత్సలోనున్నది. పేరొకటే, రోగము వేఱు. వైద్యుడు వానికి చెప్పిన మాట యిది: "నీ రోగమునకు ఈ అయిదు మందుల చికిత్సను పూర్తిచేసినచో సమూలముగ పోవు అవకాశము సగమునకు పైగా కలదు. నడుమ మానినచో ఆ యవకాశము చేయిజారును."

ఆ వేగవంతమైన రోగమునకును కీమో లేని మార్గము వెదకుచున్నారు. 2024లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థవారు వెనెటోక్లాక్స్, ఇబ్రూటినిబ్, ప్రెడ్నిసోన్, ఒబినుటుజుమాబ్, లెనాలిడొమైడ్ అను అయిదింటిని కలిపిన చికిత్స ఫలితమును ప్రకటించిరి. రోగము తిరుగబెట్టిన, లేక మొదటి మందులకు లొంగని 50 మందిపై అది జరిగినది. ఫలితము లెక్కకు వచ్చిన 48 మందిలో 26 మందికి గడ్డలు తగ్గెను. 18 మందికి పూర్తిగా కరగెను. దారులన్నియు మూసికొనిపోయినవారిలో ఇంతమాత్రము లభించుట ఆశాజనకమే. కాని అది ఒక్క మడిలోని పంట. ప్రక్క మడి లేదు. మొదటిసారి రోగము వచ్చినవారికి ఇది కీమో కంటె మేలని దానివలన చెప్పరాదు.

పరీక్ష యొక దినమున ముగియునది కాదనుటకు మన హైదరాబాదుతో సంబంధించిన దృష్టాంతమే యొకటి కలదు. అంబ్రాలిసిబ్ అను మాత్రను కనుగొనినవారు హైదరాబాదులోని ఇన్‌కోజెన్, దాని అనుబంధమైన రైజెన్ అను సంస్థలవారు. అమెరికాలోని టీజీ థెరప్యూటిక్స్ అను సంస్థ దానిని తీసికొని పరీక్షలు నడపినది. 2021 ఫిబ్రవరిలో, తిరుగబెట్టిన రెండు జాతుల మెల్లని లింఫోమాలకు అమెరికా దీనిని త్వరిత మార్గమున అనుమతించెను. మన నగరమున పుట్టిన మందని మనవారు గర్వించిరి. మఱొక ప్రక్క దీనిని ఉబ్లిటుక్సిమాబ్ అను మందుతో జోడించి, కీమో లేని చికిత్సగ, లింఫోమాకు తోబుట్టువైన యొక దీర్ఘకాలిక రక్తక్యాన్సరుపై రెండు మడుల పద్ధతిని పరీక్షించిరి. రోగము ముదురక నిలిచిన కాలము, కీమో మాత్ర గల పాత చికిత్సలో 17.9 నెలలు, కొత్త జోడీలో 31.9 నెలలు. ఇంతవఱకు విన్న ఎవ్వడైనను కొత్తదానికే ఓటు వేయును గదా!

కాని లెక్కలు వ్రాయువారు ఆగలేదు. రోగము నిలిచిన కాలమును గాక, మనుష్యులు బ్రతికిన కాలమును లెక్కింపగా, కొత్త జోడీ పొందినవారిలో మరణభయ మెక్కువగ నుండవచ్చునని కనబడెను. 2022 ఏప్రిలులో ఆ సంస్థ తానే మందును వెనుకకు తీసికొనెను. జూనులో ప్రభుత్వము అనుమతిని రద్దుచేసెను. ఇందు మనము నేర్వవలసినది గొప్పది. గడ్డ కరగుట వేఱు, మనిషి బ్రతుకుట వేఱు. కొత్త మందు మేలో కీడో దాని పేరు చెప్పదు, పుట్టినయూరు చెప్పదు. ఓపికతో వ్రాసిన లెక్కయే చెప్పును. మందును వెనుకకు తీసికొనుట ఆ పరీక్షకు ఓటమి కాదు. పరీక్ష చేయవలసిన పని అదియే.

ఇక మీయొద్దకు ఇట్టి రోగి వచ్చినప్పుడు చేయదగినవి కొన్ని చెప్పెదను. నొప్పి లేని గడ్డ మెడలోగాని చంకలోగాని గజ్జలోగాని నెల దాటి యుండినను, కారణము తెలియని జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట కలిగినను, ఆకుపసరులతో కాలము గడపనీయక పెద్దాసుపత్రికి పంపుడు. వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి కలదు. క్యాన్సరునకే ప్రత్యేకించిన ఎం.ఎన్.జె. సంస్థ హైదరాబాదు రెడ్ హిల్స్‌లో కలదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున మన రాష్ట్రమున ఒక కుటుంబమునకు ఏడాదికి ఇచ్చు సాయమును 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచిరి. ఏ మందు దానిలో చేరునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. వైద్యుని మూడు ప్రశ్న లడిగింపుడు: నా లింఫోమా ఏ రకము? ఈ చికిత్స పూర్తిగా కుదుర్చుటకా, అదుపులో నుంచుటకా? కీమో లేని మార్గము నా రకమునకు, నా దశకు పరీక్షింపబడినదా?

ఆసుపత్రివారు మందుల పరీక్షలో చేరుదువా యని రోగిని అడిగినయెడల బెదరవలదు, తొందరపడనువలదు. 2009 జూను నుండి మన దేశమున ఇట్టి ప్రతి పరీక్షను ప్రభుత్వపు పట్టికలో నమోదు చేయవలెను. 2019 నాటి నియమావళి ప్రకారము రోగి తన భాషలో విని, అర్థముచేసికొని, తానే సంతకము చేయవలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును, పరిహారమును ఇయ్యవలెను. ఎప్పుడైనను మానుకొను హక్కు రోగికి కలదు. ఈ సంతకము విలువ మన ప్రక్కజిల్లావారికి తెలియును. 2009లో ఖమ్మము జిల్లాలో బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు టీకా నిచ్చినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు పెక్కు పత్రములపై సంతకములు చేసిరని పార్లమెంటు సంఘము 2013లో తప్పుపట్టెను. కావున ఆ కాగితమును చదివి వినిపించుట మనవంటి అక్షరాస్యుల విధి.

నా శిష్యుడు ఆ సాయంకాలముననే మూడవ విడత మం దెక్కించుకొనెను. తక్కిన మూడును పూర్తిచేసెను. జుట్టు మరల వచ్చినది. మునుపటికంటె తెల్లగ వచ్చినదని వాని భార్య నవ్వును. వానికి కుదిరినదని అందఱికి కుదురునని నే ననను. ప్రక్కయింటివాని మాట ఋజువు కాదని ఇంతకుముందే చెప్పితిని. పరీక్షలు సాగుచున్నవి. కొన్ని రకములకు కీమో అవసరము ఇప్పటికే తగ్గినది; మఱికొన్నింటికి తగ్గవచ్చును. ఆ దినము వచ్చువఱకు, అరుగుమీదికి వచ్చి మానుమందురా యని యడిగినవానితో మన మనవలసిన మాట ఒక్కటే: "నాకు తెలియదు నాయనా. పద, ఇద్దఱము పోయి వైద్యుని అడిగి వత్తము."